కందెన విచారము

ఇరుసు కీచుమని అఱచుచున్న బండిని చెట్టునీడన నిలిపి, కడచీల ఊడదీసి, చక్రమును జానెడు వెలికి లాగి, బండిక్రింద వ్రేలాడు వెదురుగొట్టములోనుండి నల్లని ముద్దను పుల్లతో తీసి ఇరుసునకు పట్టించి, మరల చీల బిగించి, ఎద్దులను అదలించి సాగిపోయెడి బండివాడు, నావలె అఱువదియేండ్లు దాటిన తెలుగువారి బాల్యస్మృతులలో ఎక్కడనో ఒకచోట నుండకపోడు. ఆ నల్లని ముద్దకు పేరు కందెన. ఆముదములో కాల్చిన గడ్డి మసిని కలిపి నూఱి చేసిన ఆ పదార్థమునకు పల్లెలో వేఱు శాస్త్రగ్రంథ మక్కఱలేకపోయెను. సుమతిశతకకారుడు కరణముతో పొసగక బ్రతుకుట దుర్ఘటమని చెప్పవలసి వచ్చినప్పుడు ఇరుసును కందెనను దృష్టాంతముగా తెచ్చుకొనెనన్నచో, ఆ మాట ఎంత పాతదో, ఆ పని ఎంత సర్వజనవిదితమో ఊహింపవచ్చును. బండివానికి తన కందెనను గుఱించి సందేహము లేదు. ఇరుసు అతని కన్నులయెదుట నున్నది. దాని అఱపు అతని చెవులకు వినబడుచున్నది. ముద్ద పలుచనైనచో జాఱిపోవుననియు, గట్టిపడినచో లోనికి పోదనియు అతని వ్రేళ్లకే తెలియును.

ఇప్పుడు ఇరుసు కనబడదు. చక్రమును త్రిప్పు చైను ఇనుపపెట్టెలో మూతవడి యున్నది. దానికి పోయవలసిన నూనె రంగురంగుల డబ్బాలలో, అంకెలతోను అక్షరములతోను, కొట్టులో వరుసదీరి యున్నది. ఆ డబ్బాలలో దేని నెన్నుకొనవలెనన్నదే ఈ వ్యాసమునకు విషయము. చూపునకు చిన్న విషయమే. కాని ఘాటురోడ్డు మలుపులో చైను తెగినప్పుడో, క్లచ్చి జాఱినప్పుడో అది ప్రాణములతో ముడివడిన విషయ మగును. కావున దీనిని తీఱికగా, మొదటినుండి, పలువైపులనుండి పరిశీలింపవలెనని నా కోరిక.

ఈ ప్రశ్న మిక్కిలి సూక్ష్మముగా చర్చింపబడినది మనకు మిక్కిలి దూరమైన మంచుదేశములలో. కెనడాలోని క్విబెక్కు రాష్ట్రమున వాల్కూరు అను చిన్న ఊరిలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అను యంత్రశిల్పి, ఒకరిద్దఱు కూర్చుండి పోదగిన తేలికయైన మంచుబండిని స్కీ-డూ అను పేర 1959లో అమ్మకమునకు తెచ్చెను. అంతకు కొలది సంవత్సరములకు ముందే అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున, రోజో అను ఊరిలో, పొలారిస్ సంస్థవారు అట్టి బండి నొకదానిని నిర్మించి యుండిరి. ముందు రెండు చెక్కబద్దలవంటి స్కీలు, వెనుక తిరుగు రబ్బరుపట్టా — ఇంతియే దాని రూపము. ఇంజనునుండి శక్తి బెల్టుమీదుగా ఒక అడ్డుకడ్డీకి వచ్చి, అచ్చటనుండి ప్రక్కనున్న మూసినపెట్టెలోని చైనుద్వారా క్రిందికి దిగి పట్టాను త్రిప్పును. ఆ పెట్టెయే చైను కేసు. దానిలో పట్టు నూనె పావులీటరో, అంతకు కొంచెము హెచ్చో మాత్రమే. ఆ గుక్కెడు నూనెయే, మైనస్ 30, 40 డిగ్రీల చలిలో రాత్రియంతయు నిలిచిన బండిని తెల్లవారి కదలించునప్పుడు చైనును పట్టి ఆపక వదలవలెను. అటుపిమ్మట గంటకు నూఱు కిలోమీటర్లకు మించిన వేగమున చైను చిలికినప్పుడు వేడెక్కి నీరైపోకయు నుండవలెను. ఇట్టి పరస్పరవిరుద్ధములైన రెండు ధర్మములను ఒక్క ద్రవమునందే కోరుటవలన ఈ విచారమంతయు పుట్టినది. మిన్నియాపొలిస్ చుట్టుపట్ల స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు గడ్డకట్టిన సరస్సులపై ఈ బండ్లు పరుగెత్తుట ఏటేట చూచుచునే యుందురు. మన దేశముననే కాశ్మీరములోని గుల్మార్గునకు పోయినవారును వీనిని ఎక్కియుందురు.

అరకు దారిలోని మన అనంతగిరిలో మంచుబండి లేదు. కాని చైను కేసు ఉన్నది. శృంగవరపుకోట దాటి, కాశీపట్నము మీదుగా, టైడ, డముకు, అనంతగిరి, సుంకరమెట్టలను తాకుచు అరకులోయకు చేరు ఘాటురోడ్డు మీద ఒక్కదినము నిలిచి చూచినచో, దానిని రెండు రూపములలో గుర్తింపవచ్చును. ఒకటి పాతరకపు బుల్లెట్టు మోటారుసైకిలు: 1955లో మద్రాసులో మొదలైన ఆ బండి యెడమప్రక్కన, ఇంజనునుండి క్లచ్చికి పోవు జంటచైను ఒక మూసిన అల్యూమినియపు పెట్టెలో, అర లీటరుకు లోబడిన నూనెలో మునిగి తిరుగుచుండును. రెండవది పవర్ టిల్లరు: గెడ్డలప్రక్క మెట్లుమెట్లుగా నున్న పల్లపుభూములలో దమ్ముచేయుటకు దింపు ఈ చిన్నయంత్రమునందు, కత్తులను త్రిప్పు చైను తఱచుగా ఇట్టి పెట్టెలోనే యుండి, పెట్టెయే బురదలో మునిగి పనిచేయును. మంచుబండి చైను కేసునకు వీనికంటె దగ్గఱి బంధువులు మన నేలమీద లేవు.

పెట్టె ఎందులకు, చైనును విడిచిపెట్టరాదా అని అడుగువారికి సమాధానము ఈ కొండలే చెప్పును. అనంతగిరి కొండలు కట్టబడిన రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖొండలైటు అని పేరుపెట్టిరి. ఈ తూర్పుకనుమల ఆదివాసులైన ఖోందుల పేరే ఆ రాతికి వచ్చినది. అందులో పలుగురాయి యున్నది, గార్నెట్టున్నది, పొరలుపొరలుగా గ్రాఫైటును కలదు. గార్నెట్టు ఉప్పుకాగితములకు అంటించి ఇనుమును చెక్కను అరగదీయుటకు వాడు ఖనిజము; గ్రాఫైటు యంత్రములు జాఱుటకు వాడు ఖనిజము. అరగదీయునదియు, అరుగకుండ కాపాడునదియు ఒకే రాతిలో నిమిడి యుండుటను తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును. అయితే రోడ్డుమీద లేచు ఎఱ్ఱదుమ్ములో పైచేయి పలుగురాయిదే. గ్రీజు దట్టముగా పూసిన బయటి చైనుమీద ఆ దుమ్ము పడినచో, అది కందెన కాదు, సానపిండి యగును. చైను ఆ పిండిలో తన్ను తానే నూఱుకొనును. అందుచేతనే మన దేశపు సామాన్య మోటారుసైకిళ్లకు వెనుకచైను మీద నిండుతొడుగు వేయు ఆచారము నిలిచినది. చూచుటకు అందము లేదని కుఱ్ఱవాండ్రు దానిని ఊడదీయించుట, ఈ రోడ్డుమీద తిరుగువారు చేయదగిన పని కాదు.

చైను ఎట్లు అరుగునో తెలియనిదే దానికి నూనె నెన్నుకొనుట కుదురదు. హాన్స్ రెనోల్డు అను యంత్రకారుడు మాంచెస్టరులో 1880లో రూపొందించిన బుష్ రోలరు చైనే నేటి సైకిలు మొదలు కర్మాగారమువఱకు వ్యాపించి యున్నది. అందు ప్రతి కీలునందును ఒక పిన్ను, దానిమీద ఒక బుష్షు, దానిమీద ఒక రోలరు. మెకానిక్కులు "చైను సాగింది" అందురు. ఇనుము రబ్బరువలె సాగుట కాదు అది. పిన్నునకు బుష్షునకు నడుమ వెండ్రుకవాసి ఖాళీలో రాపిడి జరిగి, ఒక్కొక్క కీలు లేశమాత్రముగా వదులై, ఆ లేశములన్నియు కూడి చైను పొడవగును. నూటికి రెండుపాళ్లు పొడవు పెరిగిన చైనును మార్చవలెనని యంత్రశాలలలో వాడుక. కాబట్టి నూనె చేరవలసినచోటు చైనుపైభాగము కాదు, పండ్లచక్రమును కాదు. పిన్ను బుష్షుల నడుమనున్న ఆ వెండ్రుకవాసి చీకటి. అచ్చటికి చేరలేని నూనె ఎంత ఖరీదైనదైనను, ఎంత చిక్కనిదైనను, చైనునకు అది పైపూతయే.

ఇంగ్లండులో బోచాంప్ టవరు అను ఇంజనీరు 1883లో రైలుబండి ఇరుసు బేరింగులమీద ప్రయోగములు చేయుచు, నూనె తానుగా ఒత్తిడి పుట్టించుకొని ఇరుసును పైకెత్తుచున్నదని కనుగొనెను. ఆ సంగతికి గణితమును ఆస్‌బోర్న్ రెనాల్డ్సు 1886లో సమకూర్చెను. వేగముగా తిరుగుచోట నూనె పొరయే ఇనుమును ఇనుమునుండి విడదీయుననియు, మెల్లగా కదలుచోట, బరువు హెచ్చినచోట, ఆ పొర చిరిగి ఇనుము ఇనుమును తాకుననియు అప్పటినుండి తెలిసినది. చైను కీలు పూర్తిగా తిరుగదు. పండ్లచక్రము ఎక్కునప్పుడు కొంచెము వంగును, దిగునప్పుడు మరల చాపుకొనును. అందువలన అచ్చట నిండైన నూనెపొర ఎన్నడును సుస్థిరముగా నిలువదు. లోనికి చొఱబడునంత పలుచదనము, చొఱబడినపిమ్మట ఒత్తిడికి పాఱిపోనంత పట్టు — ఈ రెంటి నడుమనే ఎన్నిక యంతయు నున్నది.

ఇక్కడనే ఘాటుప్రాంతపు బండ్లవారిలో ప్రబలియున్న ఒక విశ్వాసమును తాకవలసియున్నది. "సిక్కగా ఉంటేనే నూనె" అను మాట నేను ఎన్నియో షెడ్లలో వింటిని. బరువు హెచ్చు, ఎక్కుడు హెచ్చు, కావున నూనె చిక్కనిదై యుండవలెననుట వినుటకు న్యాయముగనే తోచును. కాని చైనుల నిర్మాతలు ప్రకటించు పట్టికలను చూచినచో, సాధారణమైన 5 మొదలు 40 డిగ్రీల వేడిలో వారు కోరునది ఇంజనాయిలు కొలతలో 30 నంబరు మాత్రమే. 40 దాటినప్పుడు 40 నంబరు, 50 దాటినప్పుడు 50. గట్టిగ్రీజులును మిక్కిలి చిక్కని నూనెలును కీళ్లలోనికి పోవని వారే హెచ్చరించుచున్నారు. అనంతగిరి షెడ్డులో పనిచేయు ఒక పెద్దాయన ఒకనాడు నాతో అనిన మాట ఏ పట్టికకును తీసిపోదు. "సిక్కదనం కాదు బాబూ, ముందల లోపల ఏటుందో సూడాల," అనెను. ఈ వ్యాసమునకు నేను చెప్పదలచిన దంతయు ఆ ఒక్కమాటలో నున్నది. పెట్టెలో చైను ఒక్కటే యున్నదా, చైనుతోపాటు క్లచ్చి ప్లేట్లున్నవా, ఇత్తడి రింగులున్నవా, బయటినుండి నీరు వచ్చునా — ఇవి తెలియక అంకెలు చదువుట జాతకుని పుట్టినదినము తెలియక జాతకము చదువుటవంటిది.

అంకెల సంగతి ఎత్తితిని గనుక, అందలి పెద్ద పొరపాటును ఒకదానిని చెప్పెదను. అమెరికాలోని ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘమువారు, అనగా ఎస్.ఏ.ఇ. వారు, ఇంజనాయిళ్లకు ఒక కొలబద్ద, గేరాయిళ్లకు వేఱొక కొలబద్ద పెట్టిరి. ఒకదాని అంకె మరియొకదాని అంకెతో పోల్చదగినది కాదు. 90 నంబరు గేరాయిలు 40 నంబరు ఇంజనాయిలునకు రెట్టింపు చిక్కనిదని తలచువా రనేకులు కలరు. నీరు మరగు వేడిలో, అనగా 100 డిగ్రీలయొద్ద, రెంటిని కొలిచినచో 90 నంబరు గేరాయిలు ఇంచుమించుగా 40, 50 నంబర్ల ఇంజనాయిళ్ల చిక్కదనమే కలిగి యుండును. రెంటికిని భేదము చిక్కదనములో కాదు, అందు కలిపిన మందులలో. ఈ ఒక్క సంగతి తెలిసినచో సగము తప్పులు తొలగును.

అంకెప్రక్క నుండు డబ్ల్యు అను అక్షరము శీతకాలమునకు గుఱుతు. గేరాయిళ్లలో 75 డబ్ల్యు అనునది మైనస్ 40 డిగ్రీల చలిలోను, 80 డబ్ల్యు మైనస్ 26 లోను, 85 డబ్ల్యు మైనస్ 12 లోను నిర్ణీతమైన చిక్కదనపు హద్దును దాటవు. మంచుబండ్ల చైను కేసులలో 75 డబ్ల్యు-140 వంటి కృత్రిమనూనెలను వాడుట ఇందువలననే. చలిలో 75, వేడిలో 140 వలె ప్రవర్తింపవలెను. ఇక మన సంగతి. అనంతగిరిలో పుష్యమాసపు తెల్లవారుజామున ఎంత వణికినను, పొగమంచులో గాలికొండ కనబడకపోయినను, వేడిమాపకము పది డిగ్రీలకు కొంచెము దిగువకు జాఱును. లంబసింగివంటిచోట సున్నకు చేరువ యగును. అంతే. 80 డబ్ల్యు నూనెకు అది చలియే కాదు. కావున ఇక్కడివాడు మైనస్ 40 నూనెకు సొమ్ము పోయుట, ఎండలో గొడుగు చాలునన్నచోట ఇల్లు కట్టించుటవంటిది. నెలకొక మాఱు మైదానమునకు దిగి, వైశాఖపు ఎండలో విశాఖపట్టణము చేరి వచ్చు బండికి సయితము 80 డబ్ల్యు-90 చాలును.

ఇప్పుడు మందుల సంగతి. 1920ల చివర మోటారుకార్ల వెనుకఇరుసులలో హైపాయిడు అను వంకరగేర్లు వచ్చినప్పుడు, వాని పండ్లు ఒకదానిపై నొకటి ఒరయుచు జాఱుట హెచ్చి, అప్పటి నూనెలు ఆగలేకపోయెను. ఆ బాధకు పరిహారముగా గంధకము, భాస్వరము గల సమ్మేళనములను నూనెలో కలిపిరి. ఇనుము ఇనుమును తాకి వేడెక్కినచోట ఇవి లోహముతో కలిసి పలుచని మెత్తనిపొరగా ఏర్పడి, పండ్లు అతుకుకొనకుండ కాచును. అమెరికను పెట్రోలియము సంస్థ వర్గీకరణములో ఇట్టి మందు మితముగా నున్నది జి.ఎల్.-4, అధికముగా నున్నది జి.ఎల్.-5. అధికము మేలనుకొనుట మరల పొరపాటు. ఏలయన ఆ గంధకము వేడిలో ఇత్తడిని కంచును తినివేయవచ్చును. ఈ ఘాటుమీద జనులను మోయు జీపుల గేరుబాక్సులలో గేరు మార్చునప్పుడు వేగములను సరిపఱచు ఇత్తడిరింగు లుండును, వానికి జి.ఎల్.-4, వెనుకఇరుసు డిఫరెన్షియలునకు జి.ఎల్.-5 అనునది జీపువారందఱు కంఠస్థము చేయదగిన నియమము. పదిమంది ఎక్కవలసిన జీపులో ఇరువదిమంది ఎక్కి, రెండవ గేరులో ఘాటు ఎక్కి, బ్రేకులు కాలకుండ అదే గేరులో దిగునప్పుడు గేరుపండ్లకు ఎక్కునప్పుడు ఒకవైపు, దిగునప్పుడు మరియొకవైపు భారము పడును. మైదానపు బండికి ఆ రెండవముఖము దాదాపు క్రొత్తదిగనే యుండును. ఘాటుబండికి రెండును సమముగా అరుగును. టిల్లరు చైను కేసునందు హైపాయిడు గేర్లు లేవు గనుక, దానికి జి.ఎల్.-4 మందు గల 90 గాని 80 డబ్ల్యు-90 గాని నిండుగా చాలును. నిర్మాత పుస్తకము వేఱుగా చెప్పినచో మాత్రము పుస్తకమే ప్రమాణము.

బుల్లెట్టు పెట్టె సంగతి వేఱు. దానిలో చైనుతోపాటు క్లచ్చి ప్లేట్లును ఆ నూనెలోనే తడియుచుండును. చైను జాఱుడు కోరును. క్లచ్చి పట్టు కోరును. ఒక్క నూనె రెంటికిని సేవచేయవలెను. మంచుబండి చైను కేసులో ఈ చిక్కు లేదు. అందుచేతనే అచ్చటి సలహాను యథాతథముగా ఇచ్చటికి తెచ్చుట తప్పు. నా అనుభవము నొకదానిని చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట నా పాతబుల్లెట్టును ఒక షెడ్డులో ఇచ్చినప్పుడు, గట్టిదనమునకని ఆ పెట్టెలో చిక్కని గేరాయిలు పోసిరి. మఱునాడు తెల్లవాఱుజామున శృంగవరపుకోటలో బండి తీసితిని. చలికి ప్లేట్లు ఒకదానికొకటి అతుకుకొని, క్లచ్చి నొక్కినను విడిపోక, మొదటి గేరు వేయగనే బండి ఒక్క గెంతు గెంతినది. టైడ దాటి ఎక్కుడు మొదలైనపిమ్మట నూనె వేడెక్కినది. అప్పుడు ప్లేట్లు పట్టుటయే మానినవి. ఇంజను అఱచుచున్నది, బండి ముందుకు సాగదు. డముకు మలుపులో వెనుకనుండి బొగ్గులారీ యొకటి హారను కొట్టుచుండగా, నా భార్యను దింపి, బండిని గట్టుప్రక్కకు తోసికొనిన ఆ నిమిషమును నేను మఱువలేదు. దోషము నూనెది కాదు. ఆ నూనె వేఱొక పెట్టెకు ఉత్తమమైనదే. చోటు మాఱినది. ఇట్టి తడిక్లచ్చి బండ్లకొఱకే జపానువారు జె.ఏ.ఎస్.ఓ. ఎం.ఏ. అను గుఱుతును 1998లో ఏర్పఱచిరి. ఆ గుఱుతు గల మోటారుసైకిలు ఇంజనాయిలు గాని, పుస్తకములో చెప్పిన తేలికయైన ఇంజనాయిలు గాని పోసినచో చైనునకును క్లచ్చికిని సరిపోవును. రాపిడి తగ్గించు ప్రత్యేకపు మందులు చేరిన కారు ఇంజనాయిలును, మాలిబ్డినము కలిపిన నూనెను ఈ పెట్టె దరిదాపులకు రానీయరాదు. విదేశములలోని బుల్లెట్టు ప్రియులు ఆటోమేటిక్ గేరుబాక్సుల ఎఱ్ఱనూనెను వాడుటయు కలదు. అది పలుచన, ప్లేట్లతో స్నేహముగ నుండును. మన ఎండలకు నేను ఇంజనాయిలునే మేలందును. 2009 ప్రాంతమునుండి వచ్చిన బుల్లెట్లలో ఇంజను, చైను, గేర్లు మూడును ఒకే నూనెను పంచుకొనుచున్నవి గనుక వానికి ఈ తంటా లేదు.

టిల్లరు విషయమున నూనె జాతికంటె ముఖ్యమైనది నీరు. దమ్ములో మునిగిన పెట్టెకు రక్షణ రబ్బరుతో చేసిన ఆయిల్ సీలు ఒక్కటే. గడ్డిపోచలును ఇనుపతీగలును చుట్టుకొని ఆ సీలు పెదవిని కోసినప్పుడు బురదనీరు లోనికి పోవును. పనిలో వేడెక్కిన పెట్టె, సాయంకాలము గెడ్డనీటిలో కడుగగనే చల్లబడి, లోపలి గాలి ముడుచుకొని నీటిని ఇంకను పీల్చుకొనును. నీరు కలిసిన నూనె పాలకాఫీ రంగునకు తిరుగును. అనంతగిరివంటి కాఫీతోటల సీమలో ఆ రంగు తెలియనివా రుండరు. చైను కేసులో మాత్రము అది చూడరాని రంగు. అట్టి నూనెలో చైను త్రుప్పుపట్టును, పిన్నులు గుంటలు పడును. నా అభిప్రాయమేమన్న, ఏడాదికొకమాఱు ఖరీదైన కృత్రిమనూనె పోయు రైతుకంటె, దమ్ములకు ముందొకమాఱు, దమ్ములు తీఱినపిమ్మట మరియొకమాఱు చవుకయైన 90 నంబరు మార్చు రైతు యంత్రమే ఎక్కువకాలము బ్రతుకును. నీరు సోకినచో ఖనిజనూనెయు కృత్రిమనూనెయు ఒకటే. మంచుబండివాండ్రకును ఈ బాధ లేకపోలేదు. చలికి వేడికి నడుమ పెట్టెలో ఆవిరి నీరై దిగునని వారు ఋతువు కొకమాఱు నూనె మార్చుదురు. దించు బిరడా కొనకు అయస్కాంతము పెట్టుట మంచియాచారము. దానికి అంటిన ఇనుపరజను పిండివలె మెత్తగా నున్నచో సహజమైన అరుగుదల, పొలుసులుగా నున్నచో చైను గాని పండ్లచక్రము గాని విఱుగుచున్నదని తెలియును.

కృత్రిమనూనెల గుణమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. వేడికిని చలికిని వాని చిక్కదనము తక్కువగా మాఱును, త్వరగా కుళ్లవు. ఆ గుణములు అక్కఱపడినచోట వానికి సాటి లేదు. ఒకప్పుడు కొన్ని గేరునూనెలలో తిమింగిలపు కొవ్వునూనెను కలిపెడివారు. 1970 ప్రాంతమున అమెరికాలో ఆ జంతువునకు రక్షణ కల్పించిన తరువాతనే రసాయనశాస్త్రజ్ఞులు దానికి మాఱు వెదకిరి. ఒక ప్రాణిని కాపాడిన నూనెను నేను నిందింపను. అక్కఱలేనిచోట దానిని పోయింపగోరు అంగడివాని మాటనే నమ్మవలదందును.

మరల ఆముదమునకు వచ్చెదను, ఏలయన దాని కథ బండితో ముగియలేదు. ఆముదములో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా రిసినోలియికామ్లమను విచిత్రమైన కొవ్వుపదార్థ మున్నది. అందువలన అది వంటనూనెలకంటె పలురెట్లు చిక్కన, లోహమును విడువక పట్టుకొనును. లండనులో చార్లెసు వేక్‌ఫీల్డు నెలకొల్పిన సంస్థ 1909లో తన నూనెకు కాస్ట్రాల్ అని పేరుపెట్టుటకు అందులో ఆముదము కలియుటయే కారణము. మొదటి ప్రపంచయుద్ధములో ఆకాశమున తిరిగిన విమానముల రోటరీ ఇంజనులు ఆముదమే త్రాగెను. మన అరకు అనంతగిరుల పొలములను కార్తీక మార్గశిరములలో పసుపుపచ్చగా కప్పివేయు వలిసెపూల గింజలనుండియు నూనె వచ్చును. కాని అది గాలిసోకిన కొలదిని జిగురుపట్టు జాతి. వలిసెనూనె ఇంజనునకు పనికిరాదు, ఆముదము పనికివచ్చును. ఈ భేదమును రసాయనశాలలు చెప్పకముందే పల్లెబండివాడు ఎఱిగి, వలిసెను వంటయింటికిని ఆముదమును ఇరుసునకును పంచి పెట్టుకొనెను. అయినను నేటి చైను కేసులో ఆముదము పోయవలదు: ఏడాదులతరబడి మూసిన పెట్టెలో అదియును తుదకు బంకయగును, ఖనిజనూనెతో సరిగా కలియదు. 1957లో విశాఖపట్టణమున కాల్టెక్సువారి చమురుశుద్ధి కర్మాగారము వెలసిననాటికే కందెనగొట్టము బండిక్రిందనుండి మాయమగుట మొదలైనది. కాని ఆముదము ఓడిపోలేదు. నేడు ప్రతి షెడ్డులోను కనబడు లిథియము గ్రీజునకు ప్రాణము హైడ్రోజను పట్టించిన ఆముదమునుండి తీసిన ఆమ్లమే. క్లారెన్స్ ఎర్ల్ అను అమెరికనుడు లిథియము గ్రీజునకు పేటెంటు పొందినది 1942లో. డబ్బామూత తెఱచి గోధుమరంగు గ్రీజును వ్రేలితో తీయు కుఱ్ఱవానికి, తన తాత వెదురుగొట్టమునుండి తీసినదానితో దీనికి చుట్టఱిక మున్నదని తెలియదు.

ఇక మిగిలినది పాతనూనె. దించిన నూనెను షెడ్డు వెనుక నేలమీద పాఱబోయుట ఈ కొండలలో తఱచుగా కనబడును. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱాగుహలలో దూరి వెలువడు గోస్థనీనది తాటిపూడి జలాశయమునకు చేరును. ఆ నీరును విశాఖపట్టణమునకు త్రాగునీరగును. ఘాటుమీద ఒలికిన నూనె మొదటి వానకు గెడ్డలోనికి దిగును. నేను చెప్పిన పెద్దాయన షెడ్డులో ఒక మూలన మూతగల పాతడబ్బా యున్నది. ఆయన దించినచుక్క దానిలోనే పడును. నిండినపిమ్మట పాతనూనె కొనువాడు వచ్చి తీసికొనిపోవును. నూనె దించినప్పుడెల్ల ఆయన అయస్కాంతపు బిరడాను గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెలుగునకు పట్టి, రజను మెఱుపును ఒక నిమిషము చూచి, బండివానికి చూపి, ఏ డబ్బా దింపవలెనో అప్పుడు చెప్పును.